మందు అలవాటైంది మన ఒంటికి కాదు!

మా కోసిగిలో మెడికల్ షాపు ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, ఈ మాట వినిపిస్తుంది: "ఈ మాత్ర నా ఒంటికి అలవాటైపోయిందన్నా. పవరున్నది ఇయ్యి."

యాంటీబయాటిక్స్ విషయంలో ఇది తప్పు. మారేది మన ఒళ్లు కాదు, లోపలున్న బ్యాక్టీరియా. అదీ మందును చూసి నేర్చుకుని మారదు. మా నాయన ఒప్పుకోలేదు. పత్తిలో గులాబీ రంగు పురుగుతో పోరాడిన రైతు. "మందుకు పురుగు అలవాటు పడతాదిరా" అన్నాడు.

సరే అని పైథాన్‌లో చిన్న కోడ్ రాశా. ఒక్క బ్యాక్టీరియాతో మొదలు, ప్రతి తరానికీ రెండింతలు. ఈ.కోలైకి మంచి తిండి దొరికితే 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. అంటే 20 తరాలకు ఏడు గంటలు కూడా పట్టదు, లెక్క 10 లక్షలు దాటిపోతుంది. 10 లక్షల చీలికల్లో సగటున ఒకసారి జన్యువులో అక్షరదోషం పడి, మందుకు చావని పిల్ల పుట్టేలా పెట్టా. మందు మాత్రం చివర్లోనే.

ఇలా 1000 సార్లు నడిపా. మూడో వంతుకు పైగా సార్లు ఒక్కటీ బతకలేదు. చాలాసార్లు ఒకటో, రెండో, పదో మిగిలాయి. ఎప్పుడో ఒకసారి మాత్రం ఏకంగా 500 దాటాయి! ఎందుకంటే ఆ దోషం తొలి తరాల్లోనే పడింది, దాని సంతానమంతా మొండిదే. మందు చూశాక నేర్చుకునేదైతే ప్రతిసారీ దాదాపు ఒకే లెక్క రావాలి కదా? మార్పు ముందే జరిగింది. మందు చేసిందల్లా మిగతావాటిని చంపి, దానికి చోటివ్వడమే.

ఇదేం నా గొప్ప కాదు. 1943లోనే లూరియా, డెల్‌బ్రుక్ ఇదే లెక్కతో తేల్చారు. వాళ్లు మందు బదులు బ్యాక్టీరియాను చంపే వైరస్‌ను వాడారు. 1969లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

తర్వాత ఇంకో ఆట. మొండివి, మామూలువి సగం సగం పెట్టి, మందు ఆపేశా. మొండితనానికి ఖర్చుంటుందని మొండివాటి పెరుగుదల పదిశాతం తగ్గించా. 50 తరాల్లోపే వాటి వాటా ఒక శాతం కంటే దిగింది. ఒకప్పుడు బీటీ పత్తి సంచితో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చిందీ ఇలాంటి లెక్కతోనే: మందుకు లొంగే పురుగులు కొన్ని బతికుండాలి. మా దగ్గర చాలామంది దాన్ని వేసేవాళ్లు కాదు, అది వేరే కథ.

మరి మందు ఎప్పుడూ ఆగకపోతే? హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఒక ప్లాంటు 2007 నాటికి సుమారు 90 ఫార్మా కంపెనీల మురుగు శుద్ధి చేసేది. శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లో ప్రచురించారు. మాత్ర మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు!

నా కోడ్‌లో లేనిది ఒకటుంది. అక్కడ మొండితనం తల్లి నుంచి పిల్లకే వెళ్తుంది. నిజం బ్యాక్టీరియా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టను పక్కదానికి కూడా ఇచ్చేస్తుంది, అది వేరే జాతిదైనా సరే. కాబట్టి ఇది మన ఒక్కరి ఒంటి సంగతి కాదు.

జలుబుకు, వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా సుగ్గికి గుంటూరు పోయేవాళ్ల మూటల్లో ఆ స్ట్రిప్పులు కనిపిస్తూనే ఉంటాయి. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూడండి. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని దాని అర్థం.