పేరు పిలిస్తే పలికేదెవరు?

బడి తెరిచిన మొదటి రోజు. కొత్త మాస్టారు తరగతిలోకి వచ్చారు. ఆయనకు పిల్లలెవరూ తెలియదు. "లక్ష్మి ఎవరమ్మా?" అని అడిగారు. నలభై మందీ విన్నారు. లక్ష్మి ఒక్కతే లేచి నిలబడింది. మీ బడిలోని కంప్యూటర్ల గదిలోనూ ఇటువంటి పిలుపులు జరుగుతుంటాయి. అవి మన చెవులకు వినబడవు, అంతే!

నెట్‌వర్క్‌లో కలిపిన ప్రతి కంప్యూటరుకూ అంకెల చిరునామా ఒకటి ఉంటుంది. ఉదాహరణకు 192.168.1.20. సమాచారం చేరేది ఈ అంకెలను బట్టే. కాని అంకెలు మనకు గుర్తుండవు. పైగా అవి అప్పుడప్పుడు మారిపోతాయి కూడా. అందుచేత మనం "లైబ్రరీ" వంటి పేరు పెట్టుకుంటాం. ఆ పేరుకు తగిన అంకెను వెదికే పనినే "నేమ్ రిజల్యూషన్" అంటారు.

ఇందుకు ముఖ్యంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది, హాజరుపట్టీ వంటి జాబితా. దాని పేరు హోస్ట్స్ ఫైలు. 1970లలో అమెరికాలోని ఆర్పానెట్ కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి. ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దానిని నిర్వహించేది. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ జాబితాను సరిచూడడం కష్టమైంది. అప్పుడు, 1983లో, పాల్ మాకపెట్రిస్ రెండవ మార్గం రూపొందించాడు. అదే డి.ఎన్.ఎస్. ఇందులో పేర్ల లెక్క చూసే సర్వర్లను అడిగి అంకె తెలుసుకుంటారు.

చిన్న గదిలో అటువంటి సర్వరు లేకపోతే? అప్పుడు పనికివచ్చేది మూడవ మార్గం, మన మాస్టారి పద్ధతి! కంప్యూటరు 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకు "లైబ్రరీ.లోకల్ ఎవరు?" అని ప్రశ్న పంపుతుంది. ఈ పద్ధతి పాటించే యంత్రాలన్నీ వింటాయి. ఆ పేరుగలది మాత్రమే తన అంకె చెబుతుంది. దీనిని మల్టీకాస్ట్ డి.ఎన్.ఎస్. అంటారు. 2013లో దీని నియమాలు ప్రకటించారు.

ఒకే తరగతిలో ఇద్దరు లక్ష్ములుంటే ఏమవుతుంది? కొత్తగా చేరే యంత్రం ముందుగానే, పావు సెకను తేడాతో మూడుసార్లు, "ఈ పేరు ఎవరికైనా ఉందా?" అని అడుగుతుంది. ఉందని తెలిస్తే "లైబ్రరీ-2" వంటి వేరే పేరు పెట్టుకుంటుంది.

అయితే ఇందులో ఒక ప్రమాదముంది. రాని స్నేహితుడికి బదులు "ప్రెజెంట్ సార్" అనే కొంటె కుర్రవాడు తెలుసు కదా! అలాగే దొంగ యంత్రం కూడా "లైబ్రరీని నేనే" అని పలకవచ్చు. నమ్మితే మీ పాస్‌వర్డ్ దాని చేతిలో పడుతుంది. పేరుకు అంకె దొరకడం వేరు, అక్కడున్నది అసలు యంత్రమని రుజువు కావడం వేరు. అందుకే ఆ రుజువుకు రహస్య సంకేతాలతో వేరే పరీక్షలు ఏర్పాటు చేశారు.

చేసి చూడండి: నెట్‌వర్క్ తీగ తీసేసి, వైఫై ఆపి, మాస్టారి సాయంతో "పింగ్ లోకల్‌హోస్ట్" అనే ఆదేశం ఇవ్వండి. అయినా 127.0.0.1 అనో ::1 అనో జవాబు వస్తుంది. ఎవరినీ అడగకుండా ఆ అంకె దానికెలా తెలిసింది? ఆలోచించండి!