‘నన్ను’ అంటే ఎవర్ని?

సంక్రాంతి సెలవుల్లో మాచర్లలో మా అమ్మమ్మకి ఒక కార్టూన్ కథ చెప్పబోయి బోల్తా పడ్డాను. ఎందుకు పడ్డానో అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.

ఆ కార్టూన్ పేరు ‘రాబిట్ సీజనింగ్’. 1952లో వార్నర్ బ్రదర్స్ విడుదల చేసింది. దర్శకుడు చక్ జోన్స్, కథ మైకేల్ మాల్టీస్. నిడివి ఏడు నిమిషాలే. ఎల్మర్ అనే వేటగాడు తుపాకీ పట్టుకుని అడవికొస్తాడు. డాఫీ అనే బాతు తను తప్పించుకోడానికి బగ్స్ బన్నీ అనే కుందేలుని ఇరికించాలని చూస్తాడు. బగ్స్ అసలు కంగారు పడడు. తాపీగా వేటగాణ్ణే అడుగుతాడు: నన్ను ఇప్పుడే కాలుస్తావా, ఇంటికెళ్ళేదాకా ఆగుతావా?

డాఫీ మధ్యలో దూరతాడు: వాణ్ణి ఇప్పుడే కాల్చు!

బగ్స్: నువ్వుండు. నిన్ను ఇప్పుడే కాల్చక్కర్లేదు.

డాఫీకి ఎదురు చెప్పకపోతే నిద్రపట్టదు కదా. ఎందుకక్కర్లేదు, నన్ను ఇప్పుడే కాల్చాలి అని అరుస్తాడు. ఢాం! బాతు ముక్కు తిరిగిపోతుంది. తేడా సర్వనామాల దగ్గర వచ్చిందని డాఫీ కనిపెడతాడు కూడా. కనిపెట్టి, సరిచేసుకోబోయి, మళ్ళీ కాల్పించుకుంటాడు.

మా కోడింగ్ భాషలో చెప్పాలంటే ‘నన్ను’ అనేది పేరు కాదు, వేరియబుల్. ఎవరు పలికితే వాళ్ళ విలువ అందులోకి వస్తుంది. డాఫీ మాట తిప్పికొట్టాడు గానీ విలువ మారిందని చూసుకోలేదు.

ఇక నా కథ. నేను మామూలుగా మాట్లాడినట్టే “ఇప్పుడే కాల్చమన్నాడు” అన్నాను. అమ్మమ్మ “ఎవర్నే?” అంది. తెలుగులో మనం సర్వనామాలు సగం మింగేస్తాం, ఇక్కడేమో జోకంతా వాటిలోనే ఉంది. సరే అని “బాతు నన్ను కాల్చమంది” అన్నాను. అమ్మమ్మ ఒకటే నవ్వు. “నిన్నెందుకే కాల్చమంటది?”

ఇంగ్లీష్ మీడియంలో డైరెక్ట్ స్పీచ్‌ని ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చేటప్పుడు సర్వనామం మార్చకపోతే మార్కులు పోయేవి. తెలుగులో ఆ పనే అక్కర్లేదు. “రవి నేను రానన్నాడు” అంటే రానిది రవి. కానీ “బాతు నన్ను కాల్చమంది” అంటే ఆ ‘నన్ను’ బాతు కావచ్చు, చెప్తున్న నేనూ కావచ్చు. అంటే డాఫీ పడిన గోతిలో నేనూ పడ్డాను, అదీ నా సొంత భాషలో!

మరి పెద్దవాళ్ళు కథ చెప్తే మనకి తికమక ఎందుకు రాదు? వాళ్ళు గొంతు మారుస్తారు. ఆ కార్టూన్‌లోనూ అంతే. బగ్స్‌కీ డాఫీకీ గొంతు ఇచ్చింది ఒక్కరే, మెల్ బ్లాంక్. ‘నన్ను’ అన్నదీ ‘నిన్ను’ అన్నదీ ఒకే మనిషి, అయినా మనం ఎక్కడా పొరబడం.

మూడో రోజు గొంతు మార్చి, ఒక్క సర్వనామం కూడా మింగకుండా కథ మళ్ళీ చెప్పాను. అమ్మమ్మ చివరిదాకా విని అంది:

“చెవులపిల్లి తప్పేముందే? ఆ బాతు నోరు మూసుకుంటే సరిపోయేది.”