తెలుగు క్విజ్‌లో అమ్మమ్మ గొంతు: ఆడియో ఇలా పెట్టండి

డాలస్‌లో పుట్టిన పిల్లాడికి ‘కల’, ‘కళ’ తేడా స్క్రీన్ మీద చదివితే రాదు, వినాలి. క్విజ్‌లో ఫుల్ మార్కులొచ్చి, ఫోన్‌లో అమ్మమ్మ మాట అర్థం కాకపోతే ఏం లాభం? అందుకే టెక్స్ట్-టు-స్పీచ్ కంటే అవనిగడ్డ నుంచి అమ్మమ్మ పంపే వాట్సాప్ వాయిస్ నోటే బెటర్. యాప్ గొంతులో దివిసీమ యాస ఉండదు మరి!

చిక్కు ఎక్కడంటే, గూగుల్ ఫామ్స్‌లో ప్రశ్నకి ఫొటో, యూట్యూబ్ వీడియో పెట్టొచ్చు కానీ ఆడియో ఫైల్‌కి బటనే లేదు. కాబట్టి వాయిస్‌కి ఏదో ఒక ఫొటో జత చేసి వీడియోగా మార్చి, యూట్యూబ్‌లో ‘అన్‌లిస్టెడ్’గా పెట్టి, ఫామ్‌లో కలపాలి. టైటిల్ మాత్రం ‘ప్రశ్న 1’ అనే ఉంచండి. ‘కళ’ అని పెడితే జవాబు అక్కడే కనిపించిపోతుంది.

మూడిల్‌లో ఈ తిప్పలు లేవు, ప్రశ్న రాసే ఎడిటర్‌లోనే మామూలుగా రికార్డ్ బటన్ ఉంటుంది. వాయిస్ నోట్‌నే అప్‌లోడ్ చేస్తుంటే ఫార్మాట్ చూసుకోండి. అది ఓపస్‌లో ఉంటుంది, పాత ఐఫోన్లలో సఫారీ దాన్ని ప్లే చేయదు. ఎంపీ3కి మార్చేయండి. 64 కేబీపీఎస్ మోనో చాలు, 10 సెకన్ల క్లిప్ 80 కేబీ వస్తుంది.

అన్నట్టు, ఆ ఉక్కపోతలో కష్టమే గానీ, రికార్డ్ చేసే 10 సెకన్లూ అమ్మమ్మని ఫ్యాన్ ఆపమనండి.