కొండెక్కే నేస్తానికి ఏం కొందాం?

శంషాబాద్ విమానాశ్రయం. తెల్లవారుజామున అయిదు గంటలు. హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కని బయల్దేరిన కుర్రాడి బ్యాగు స్కానర్‌లోకి వెళ్లింది. వెనక్కొచ్చింది. మళ్లీ వెళ్లింది. 'ఈ బ్యాగెవరిదండీ?' అన్న పిలుపు. జిప్పు తెరిస్తే... ఎర్రటి స్విస్ చాకు! పుట్టినరోజుకని ఆఫీసులో నలుగురూ చందాలేసుకుని మురిపెంగా కొనిచ్చింది. పెద్ద బ్యాగుతో పాటు లగేజీలో వేసుంటే హాయిగా వెళ్లిపోయేది. చేతి సంచీలో ఉంది కాబట్టి అక్కడే వదిలెయ్యాలి, లేదా వెనక్కెళ్లి ఎవరికైనా ఇచ్చి రావాలి. విమానం వేళయిపోతోంది మరి... కుర్రాడు చాకు వైపోసారి చూసి ముందుకు కదిలాడు.

విమానాశ్రయాల్లో రోజూ ఎక్కడో ఒకచోట జరిగేదే ఇది. చాకు మంచిదే, ఇచ్చినవాళ్ల మనసూ మంచిదే. ఎటొచ్చీ అది ఎప్పుడు, ఎక్కడ, ఎలా వాడతారన్నది ఎవరూ ఆలోచించలేదంతే.

ఆరుబయట తిరగడమంటే ప్రాణమిచ్చే స్నేహితులు ఇప్పుడు ప్రతి ఇంటికీ ఒకరున్నారు. ఆదివారం వస్తే చాలు, మనం రెండో కాఫీ తాగేలోపు వాళ్లు ఏ గుట్ట మీదో ఉంటారు. వాళ్లకి చొక్కా కొనిస్తే బీరువాలోకి పోతుంది. గోడ గడియారం ఇస్తే అటక మీదికి. పోనీ వాళ్లకి నచ్చేదే కొందామని దుకాణానికెళితే ఒక్క బూట్ల జత ధర చూసే కళ్లు తిరుగుతాయి. కానీ నిజానికి వాళ్లకి బాగా పనికొచ్చేవి చాలామటుకు అయిదొందల లోపే దొరుకుతాయి. కొన్నయితే వందలోపే!

ముందు మనిషిని చూడండి

కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ స్నేహితుడు వెళ్లేది ఎక్కడికి? శంషాబాద్ చుట్టుపక్కలే చూడండి. 1908 నాటి మూసీ వరదల తర్వాత నగరాన్ని కాపాడటానికి కట్టిన జంట జలాశయాలు... ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి ఒడ్డుకి తెల్లారకుండానే చేరేవాళ్లు పిట్టల కోసం వెళతారు. 2023 అక్టోబరులో ఔటర్ రింగురోడ్డు పక్కన సౌర పలకల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి మొదలయ్యాక అటు తొక్కేవాళ్లు వేరు. మూసీ పుట్టిన అనంతగిరి కొండల్లో నడిచేవాళ్లు ఇంకో రకం. 1996లో మొదలైన 'సొసైటీ టు సేవ్ రాక్స్' నెలనెలా నిర్వహించే రాక్ వాక్‌లకు వెళ్లి, దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న మన బండరాళ్లను చూసి మురిసిపోయేవాళ్లూ ఉన్నారు.

పిట్టల్ని చూసేవాళ్లకి ఆకుపచ్చ టోపీ ఇస్తే సంతోషం. అదే టోపీ రాత్రిపూట సైకిల్ తొక్కేవాళ్లకిస్తే ఎవరికీ కనబడకుండా చెయ్యడమే. వాళ్లకి కావాల్సింది వెనకాల మినుకుమినుకుమనే ఎర్ర దీపం!

ఇంకో కిటుకు... ఈసారి కలిసినప్పుడు వాళ్ల వీపు సంచీ వైపు ఓరకంట చూడండి. జిప్పు ఊడిపోయి పిన్నీసుతో నెట్టుకొస్తున్నారా? నీళ్ల సీసా సొట్టలు పడిందా? పది లీటర్లు పట్టే తేలికపాటి సంచీ కొన్ని వందల్లో వచ్చేస్తుంది. శంషాబాద్‌లోనే డెకథ్లాన్ లాంటి పెద్ద దుకాణం ఉంది, కోఠి బజారు ఎటూ ఉండనే ఉంది.

ఈల వెయ్... దీపం పెట్టు

కొండల్లో దారి తప్పేది ఎక్కువగా ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. 'ఇంకో అరగంటలో కిందకెళ్లిపోతాం' అనుకుంటారు. చలికాలంలో అయిదున్నర దాటితే చాలు, అడవిలో చెట్ల కింద చీకటి గబుక్కున కమ్ముకుంటుంది. అప్పుడు ఫోను టార్చి వెలిగిస్తారు. ఒక చెయ్యి ఫోనుకే పోతుంది, జారితే పట్టుకోవడానికి మిగిలేది ఒక్క చెయ్యే. పైగా చార్జింగంతా దీపానికే ఖర్చయితే, తీరా అవసరమైనప్పుడు ఎవరికీ ఫోను చెయ్యలేరు.

అందుకే తలకు కట్టుకునే దీపాన్ని మించిన కానుక లేదు. హెడ్‌ల్యాంప్ అని అడిగితే ఇస్తారు. వెయ్యి ల్యూమెన్లు, రెండు వేల ల్యూమెన్లంటూ డబ్బా మీద రాసిన అంకెలు చూసి మోసపోవద్దు. నడకకు 100 నుంచి 200 ల్యూమెన్ల వెలుగు చాలు. సన్న పెన్సిల్ సెల్స్‌తో పనిచేసేదైతే ఏ పల్లెలోనైనా కొత్తవి వేసుకోవచ్చు. ఒక జత సెల్స్ అదనంగా కలిపి ఇస్తే, ఇచ్చినవాళ్లు ఆలోచించి ఇచ్చారని తెలుస్తుంది.

దానికి తోడుగా ఓ ఈల. అవును, పీటీ మాస్టారు ఊదే ఈలే! గొంతు చించుకుని అరిస్తే పది నిమిషాల్లో బొంగురుపోతుంది. ఈల శబ్దం అరుపు కన్నా దూరం వెళుతుంది, ఊదేవాళ్లు అలసిపోరు కూడా. మూడుసార్లు ఊది, కాస్త ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదితే 'ఆపదలో ఉన్నాం' అని చాలా దేశాల్లో అర్థం. ఇచ్చేటప్పుడు ఆ సంగతీ చెప్పి ఇవ్వండి. లోపల గుండు లేని రకం తడిసినా పలుకుతుంది.

నీళ్లలో కలిపే పొట్లం

ఎండాకాలం మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. బండలు కాలిపోతుంటాయి, నీడ ఉండదు. కొండెక్కేవాళ్లకి మన నేలమీద పెద్ద శత్రువు చలి కాదు... ఎండ. కాబట్టి నీళ్లకు సంబంధించిన ఏ కానుకైనా వృథా పోదు. లీటరు స్టీలు సీసా ఒకటి చాలు. వేడిని పట్టి ఉంచే రెండు పొరల సీసాలు చూడ్డానికి బాగుంటాయి కానీ, ఖాళీగా ఉన్నప్పుడే బరువు. కారులో పెట్టుకునేవాళ్లకి సరే, వీపున మోసేవాళ్లకి వద్దు.

ఆ సీసా మెడకి నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు రిబ్బనుతో కట్టి ఇవ్వండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. ఏప్రిల్‌లో దాచుకుని తాగుతారు. అయితే కొనేటప్పుడు పొట్లం మీద అక్షరాలు చదవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన లెక్క ప్రకారం లీటరు నీళ్లకి కలిపే పొడి బరువు 20.5 గ్రాములు. అందులో గ్లూకోజు 13.5 గ్రాములే. మిగతావి ఉప్పు, పొటాషియం క్లోరైడు, సిట్రేటు. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని, అంతకు ఎన్నో రెట్లు చక్కెరతో డబ్బాల్లో అమ్మిన పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల మీద ఆ మూడక్షరాలు వాడకూడదని ఆదేశాలిచ్చింది. మందుల దుకాణంలో 'డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా' అని రాసున్న పొట్లమే అడగండి. ఒక పొట్లాన్ని సగం సగం చేసి గ్లాసుల్లో అంచనాగా కలపకూడదు, లీటరు పొట్లమైతే లీటరు నీళ్లు ఉండాల్సిందే. సీసా లీటరుదే కొనమనడం అందుకే.

ఎండ అనగానే గుర్తొచ్చే మరో వస్తువు నేత తువ్వాలు. తలకి చుడితే పాగా. తడిపి మెడకేస్తే చల్లదనం. దుమ్ము రేగితే ముక్కుకి అడ్డం. చెయ్యి బెణికితే మెడకి వేలాడదీసే కట్టు. కూర్చుంటే ఆసనం, స్నానమయ్యాక తువ్వాలు. మన పశువుల కాపర్లకీ జాలర్లకీ ఎప్పట్నుంచో తెలిసిన విషయమే ఇది. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన పుట్టపాక తేలియా రుమాలు కూడా ఒకప్పుడు వాళ్లు తలకి చుట్టుకున్నదే. ఇప్పుడది పట్టు చీరల వరసలో చేరి అందనంత ఎత్తుకెళ్లిందనుకోండి! మామూలు చేనేత తువ్వాలు ఏ సహకార సంఘం దుకాణంలోనైనా దొరుకుతుంది, విదేశీ 'మైక్రోఫైబర్' తువ్వాలు కన్నా చవగ్గా.

ఎనిమిది... నలభై రెండు

పిట్టల పిచ్చి ఉన్న స్నేహితులకి అందరూ కలిసి బైనాక్యులర్స్ కొనిద్దామనుకుంటే మంచి ఆలోచనే. మంచివి వేలల్లో ఉంటాయి కాబట్టి నలుగురైదుగురు కలవాల్సిందే. 8×42 అని రాసున్నది వెతకండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. అద్దం పెద్దదైతే తెల్లవారుజాము మసక వెలుతురులోనూ పిట్ట రంగు తెలుస్తుంది. రోడ్డు పక్కన 'యాభై రెట్లు' అని అమ్మేవి కొంటే చెయ్యి ఏ మాత్రం వణికినా పిట్ట బదులు ఆకాశమంతా ఊగుతుంది.

అంత వద్దనుకుంటే పుస్తకం. సలీం అలీ రాసిన 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' 1941లో మొదటిసారి అచ్చయింది. దానికి పదేళ్ల ముందు, 1931-32లో ఆయన నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. అంటే మన పిట్టల్ని దగ్గరుండి చూసిన మనిషన్నమాట. పిట్ట కూత వినిపిస్తే పేరు చెప్పే 'మెర్లిన్' ఆప్ ఉచితమే. దాన్ని కొనక్కర్లేదు, ఫోన్లోకి ఎక్కించి పెట్టడమే పెద్దవాళ్లకి ఓ కానుక. చిన్న నోటుపుస్తకం, పెన్సిలూ కూడా మరవొద్దు. వానలో పెన్ను అలుక్కుపోతుంది, పెన్సిల్ నిలుస్తుంది.

ఇవి మాత్రం వద్దు

పూర్ణ మాలావత్ గుర్తుందా? నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం అమ్మాయి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆమెకి పదమూడేళ్లు. తోడుగా వెళ్లిన ఆనంద్ కూడా తెలుగు కుర్రాడే. వాళ్లిద్దరూ తాడు పట్టుకోవడం నేర్చుకుంది భువనగిరి కోట ఉన్న ఏకశిల మీద. ఆ తర్వాత ఎందరో పిల్లలు ఆ బండెక్కాలని ఉబలాటపడ్డారు. అలాంటి వాళ్లకి కానుకగా తాడు, కొక్కేలు కొనిచ్చే ఆలోచన మీకుంటే... దయచేసి మానుకోండి. ప్రాణం వేలాడే వస్తువుని ఎక్కేవాళ్లు, వాళ్ల శిక్షకులే ఎంచుకోవాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కొక్కెం తాళంచెవులకి పనికొస్తుందేమో గానీ మనిషిని మోయదు. ఎవరో వాడిన హెల్మెట్ కూడా అంతే. ఒకసారి దెబ్బ తిన్నది పైకి బాగానే కనిపించినా లోపల చిట్లి ఉండొచ్చు.

బూట్లూ వద్దు. పాదం కొలత తెలిసినంత మాత్రాన సరిపోదు. దిగేటప్పుడు వేళ్లు ముందుకి జారి తగులుతున్నాయా లేదా అన్నది తొడిగినవాళ్లకే తెలుస్తుంది. మేజోళ్లు ఇవ్వండి. మందమైనవి, పూర్తి నూలు కానివి. నూలు చెమటని పట్టి ఉంచుతుంది, తడి పాదానికి బొబ్బలు లేస్తాయి.

విమానం ఎక్కేవాళ్లయితే...

మళ్లీ శంషాబాద్‌కి వద్దాం. 2008 మార్చిలో ఈ విమానాశ్రయం మొదలయ్యాక ఉత్తరాఖండ్, లద్దాఖ్ కొండలు మనకి బాగా దగ్గరయ్యాయి. పంపించడానికి వెళ్లి అక్కడే కానుక చేతిలో పెట్టేవాళ్లూ ఉంటారు. చిక్కంతా అక్కడే. పెద్ద బ్యాగు అప్పటికే లగేజీలోకి వెళ్లిపోయి ఉంటుంది. చాకు, చేతికర్ర లాంటివి ఆ పెద్ద బ్యాగులోకే వెళ్లాలి, కాబట్టి ముందురోజే ఇచ్చెయ్యండి. పవర్ బ్యాంక్‌ది సరిగ్గా తిరగేసిన లెక్క... లగేజీలో వెయ్యకూడదు, చేతి సంచీలోనే ఉండాలి. అదీ 100 వాట్ అవర్స్ లోపు. 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 అవుతుంది కాబట్టి ఫర్వాలేదు. వంట గ్యాసు డబ్బాలు మాత్రం ఎందులోనూ కుదరవు, దిగిన ఊళ్లోనే కొనుక్కోవాలి. లైటర్లు, అగ్గిపెట్టెలదీ అదే దారి. ఎండుకొబ్బరి కూడా లగేజీలో పనికిరాదని 2022లో నిషిద్ధ వస్తువుల జాబితాలో చేర్చారు. నూనె ఎక్కువ కాబట్టి వేడికి అంటుకునే ప్రమాదం ఉందట. మరి ఊరెళ్లే కొడుక్కి ఎండుకొబ్బరి చిప్పలు సర్దే అమ్మలకి ఈ సంగతి ఎవరు చెబుతారు?

తినేవే ఇవ్వాలనుకుంటే మన ఇళ్లల్లో కొదవేంటి! పల్లీపట్టీ, నువ్వుండలు, సున్నుండలు, సకినాలు. వెండి కాగితం చుట్టిన చాక్లెట్ కడ్డీలు మన ఎండకి కరిగి సంచీకి అంటుకుపోతాయి. పల్లీపట్టీకి ఆ బాధ లేదు. రెండ్రోజులు వీపున ఊగినా మహా అయితే ముక్కలవుతుంది. మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బాలో పెట్టి ఇస్తే, తిన్నాక డబ్బా మిగులుతుంది, అడవిలో ప్లాస్టిక్ చెత్త మిగలదు.

జేబులో ఏమీ లేదా? అయినా దారుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇద్దరికీ నడక ఇష్టమైతే, ఆదివారం ఒకరు ఆగిపోవాల్సిందే. 'ఈ నెల రెండో ఆదివారం పిల్లల్ని మా ఇంట్లో వదిలి ఇద్దరూ అనంతగిరి వెళ్లి రండి' అని ఓ కార్డు మీద రాసి ఇవ్వండి. తారీఖు కూడా వెయ్యండి, లేకపోతే అది ఎప్పటికీ రాదు. పిల్లలకి ఆ పూట ఇడ్లీలు పెట్టి, మధ్యాహ్నం కాస్త పడుకోబెడితే సరి. సాయంత్రం వాళ్లు వచ్చేసరికి బూట్ల నిండా ఎర్రమట్టి, మొహాలు కందిపోయి... గుమ్మంలోనే నిలబడి, ఏం చూశారో ఇద్దరూ ఒకేసారి చెప్పడం మొదలుపెడతారు.