జీవిత బీమా: వైద్యపరీక్ష, చట్టం, సత్యవచనం

సూరత్ నగరపు దక్షిణ భాగంలోని ఉధ్నా ఒక రైల్వే కూడలి, పారిశ్రామిక కేంద్రం. ఉధ్నాతో సహా సూరత్‌లోని మరమగ్గాల పేటలకు నల్లగొండ, వరంగల్లు, కరీంనగర్ ప్రాంతాల నేత కుటుంబాలు దశాబ్దాలుగా వలస వచ్చి స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నది. ఇటువంటి కుటుంబాలలో ఒక్కరి రెక్కల కష్టమే అందరికీ ఆధారం. ఆ ఒక్కరు మరణిస్తే కుటుంబాన్ని నిలబెట్టగలిగిన సాధనాలలో జీవిత బీమా ముఖ్యమైనది. అయితే బీమా సొమ్ము చేతికి అందడమన్నది మరణానంతరం నిర్ణయమయ్యే విషయం కాదు. ప్రతిపాదన పత్రం నింపిన నాడే దానికి పునాది పడుతున్నది.

కొందరికి కలిగే నష్టాన్ని అనేకులు పంచుకొనే ఏర్పాటే బీమా. కావున ప్రతి వ్యక్తి విషయంలోనూ మరణావకాశం ఎంత ఉన్నదో సంస్థ ముందుగా అంచనా వేయవలసి ఉంటుంది. ఈ ప్రక్రియనే అండర్‌రైటింగ్ అంటారు. వయస్సు, ఎత్తు, బరువు, నడుము చుట్టుకొలత, రక్తపోటు, మూత్రంలోనూ రక్తంలోనూ చక్కెర, తల్లిదండ్రుల ఆరోగ్య చరిత్ర, పొగాకు, మద్యపానాల అలవాట్లు ఇందులో పరిశీలనకు వస్తాయి. బీమా మొత్తం పెరిగిన కొద్దీ పరీక్షలు కూడా పెరుగుతాయి.

వృత్తి సైతం ముఖ్యమే. “నేతపని” అన్న ఒక్క మాట చాలదు. మరమగ్గాల హోరు వినికిడిని దెబ్బతీస్తుంది. పత్తి ధూళిని ఏళ్ల తరబడి పీల్చినవారికి బిసినోసిస్ అనే శ్వాసకోశ వ్యాధి రావచ్చును. కృత్రిమ నూలు నేసేవారి పరిస్థితి వేరు.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో న్యూయార్క్ లైఫ్ సంస్థకు చెందిన ఆస్కార్ రోజర్స్, ఆర్థర్ హంటర్ ఈ అంశాలను అంకెలలో కొలిచే పద్ధతిని రూపొందించారు. సాధారణ మరణావకాశాన్ని 100గా తీసుకొని, ప్రతికూలాంశాలకు కొంత కలుపుతారు, అనుకూలాంశాలకు కొంత తీసివేస్తారు. తేలిన మొత్తాన్ని బట్టి మామూలు ప్రీమియంకు అంగీకరించడమో, అదనపు ప్రీమియం కోరడమో, వాయిదా వేయడమో, తిరస్కరించడమో జరుగుతుంది. అదుపులో ఉన్న మధుమేహం గల వ్యక్తికి అదనపు ప్రీమియంపై పాలసీ లభించే అవకాశమున్నది. దానిని దాచిపెట్టినవాడు ఆ కొద్దిపాటి సొమ్ము మిగుల్చుకోబోయి, మొత్తం బీమానే ప్రమాదంలో పడవేసుకుంటాడు.

బీమా ఒప్పందానికి పరమ విశ్వాసం ప్రాణం. తన ఆరోగ్యాన్ని గురించి ప్రతిపాదకునికి తెలిసినంత సంస్థకు తెలియదు. 1962లో మిథూలాల్ నాయక్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే స్పష్టపరచింది. సంస్థ వైద్యులు పరీక్షించినప్పటికీ, ప్రతిపాదకుడు తెలిసి దాచిన తీవ్రమైన అనారోగ్యం ఆ పాలసీని రద్దు చేయడానికి కారణమైనది.

చట్టం పాలసీదారుకు రక్షణ కూడా కల్పించినది. 1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షన్‌ను 2015లో సవరించారు. దాని ప్రకారం మూడు సంవత్సరాలు గడచిన పాలసీని ఏ కారణం చేతనూ ప్రశ్నించరాదు. ఆ లోపల మోసం రుజువైతే సొమ్ము నిరాకరించవచ్చును. మోసం లేకుండా ముఖ్య విషయం మరుగుపడినట్లయితే పాలసీని రద్దు చేసినప్పటికీ, చెల్లించిన ప్రీమియంలను 90 రోజులలో తిరిగి ఇవ్వవలసి ఉంటుంది. అయితే ప్రీమియం కట్టక ఆగిపోయిన పాలసీని పునరుద్ధరిస్తే, ఆ తేదీ నుండి మూడేళ్ల గడువు మళ్లీ మొదలవుతుంది. పని తగ్గిన నెలల్లో వాయిదా తప్పే కార్మికులు దీనిని గుర్తుంచుకోవాలి.

స్వభాషా ప్రాంతానికి దూరంగా ఉన్నవారికి మరొక చిక్కున్నది. తెలుగువాడు చెప్పిన జవాబును మరొకరు హిందీలోనో, గుజరాతీలోనో, ఇంగ్లీషులోనో వ్రాస్తారు. “రెండేళ్ల క్రితం క్షయకు మందులు వాడాను” అన్న మాట పత్రంలో “వ్యాధులు లేవు” అని మారినట్లయితే, సంతకం మాత్రం చెప్పినవానిదే. అందువల్ల ప్రతి ప్రశ్ననూ, వ్రాసిన జవాబునూ తన భాషలో చదివించుకొని వినిన తరువాతనే సంతకం చేయాలి. ప్రతిపాదన పత్రంలోనూ వైద్య నివేదికలోనూ ఉన్న ప్రశ్నల, జవాబుల ధ్రువీకృత నకళ్లు కోరే హక్కును అదే చట్టంలోని 51వ సెక్షన్ పాలసీదారుకు ఇచ్చినది. పాలసీలో నామినీ పేరు సరిగా ఉన్నదో లేదో కూడా చూసుకోవాలి. పాలసీ ఉన్న సంగతి స్వగ్రామంలోని కుటుంబానికి తెలిసి ఉండాలి.

ఉధ్నాలో నివసించే చదువుకున్న తెలుగు యువతీయువకులు ఈ విషయంలో చేయగలిగిన సేవ ఉన్నది. పొరుగువాని పత్రాన్ని అక్షరం తప్పకుండా చదివి తెలుగులో వివరించడమే ఆ సేవ. ఇందుకు పట్టేది ఒక గంట. దానివలన ఒక కుటుంబపు భవిష్యత్తు నిలబడవచ్చును.