మతిమరుపు వయసుతోనే రాదు, గుండెనూ చూపించుకోవాలి

ఇంట్లో పెద్దవారు చెప్పిన మాటే మళ్ళీ చెబుతుంటే, తెలిసిన మనిషి పేరు తడుముకుంటుంటే ‘చాదస్తం’ అని కొట్టిపారేయడం మామూలే. వయసు మీదపడ్డాక అంతేనని సరిపెట్టుకుంటారు. కాని ప్రతి మతిమరుపూ వయసు వల్లే రాదు. కొందరిలో దానికీ గుండెకూ సంబంధం ఉంటుంది.

మనిషి బరువులో మెదడు బరువు నూటికి 2 వంతులే. అయినా గుండె పంపే రక్తంలో నూటికి 15 నుంచి 20 వంతులు దానికే కావాలి. కాలువలో నీరు తగ్గితే శివారు పొలాలు ముందు ఎండుతాయి. అలాగే రక్త ప్రసారం తగ్గితే మెదడు లోపలి సన్నని నాళాల చివరనున్న భాగాలు ముందు దెబ్బతింటాయి. గుండె లయ తప్పినా ప్రమాదమే. గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసుల గుండె ఆరోగ్యాన్ని వైద్యులు 1948 నుంచి పరిశీలిస్తున్నారు. అక్కడి పరిశీలనలో ఉన్న సుమారు 1,500 మందిని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. గుండె తక్కువ రక్తం పంపుతున్నవారిలో మెదడు పరిమాణం కూడా కొంత తక్కువగా కనిపించింది.

రక్తపు పోటు సంగతి మరీ ముఖ్యం. అమెరికాలోనే 50 ఏళ్ళు దాటిన 9 వేల మందికి పైగా రోగులపై జరిగిన మరో పరిశోధన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. పై అంకెను 140 లోపు ఉంచినవారికంటె 120 లోపుకు తెచ్చినవారిలో మతిమరుపు తొలిదశ నూటికి 19 వంతులు తక్కువగా కనిపించింది. అయితే ఎవరికి ఎంత ఉండాలో నిర్ణయించవలసింది డాక్టరే.

రక్తపు పోటు చాలామందిలో బయటికి ఏ బాధా చూపదు. అందుకే ‘ఒంట్లో బాగానే ఉంది’ అని మాత్రలు మానేస్తారు. వచ్చే చిక్కంతా అక్కడే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి. ఉచితంగా చూస్తారు. డాక్టరు చెప్పనిదే మాత్ర ఆపరాదు. ఊరగాయ, అప్పడాలు తగ్గించాలి. చుట్ట, బీడీ మానాలి. ఒంట్లో ఓపికను బట్టి రోజూ కాసేపు నడవాలి.

నడిస్తే ఆయాసం, కాళ్ళ వాపు ఉన్న పెద్దవారిలో మతిమరుపు కూడా కనిపిస్తే రెండూ డాక్టరుకు చెప్పాలి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నాటు వైద్యమంటూ కాలయాపన చేయక 108కి ఫోను చేయాలి. గడ్డను కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వాలి.