రాత్రి రెండు గంటలకు ఫోనెత్తేదెవరు?

"ఇక మేం చేయగలిగింది ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అని పెద్దాసుపత్రిలో చెప్పిన రోజే చాలా కుటుంబాలకు అసలు కష్టం మొదలవుతుంది. సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దాటాక వచ్చే మన్నెగూడలో అలాంటి ఇల్లు ఒకటి ఉందనుకుందాం. ఇంటి పెద్దాయనకు నోటి క్యాన్సర్. గడ్డ మెడ దాకా పాకింది, పుండు వాసన వస్తోంది. మందుల షాపు మాత్రలు గంటసేపు కూడా ఆగడం లేదు. కొడుకు డ్యూటీ మానలేడు, కోడలికి ఇద్దరు చిన్నపిల్లలు. ఎవరో చుట్టం "హాస్పిస్‌లో చేర్పించండి, వాళ్లే చూసుకుంటారు" అంటాడు. ఏ హాస్పిస్? అది మంచిదో కాదో చూసి తెలుసుకునేదెలా?

నయం కాదని తేలిన జబ్బుతో ఉన్న మనిషికి మిగిలిన రోజులు బాధ లేకుండా గడిచేలా చూసే చోటు హాస్పిస్. జబ్బు ఏ దశలో ఉన్నా, వేరే చికిత్స నడుస్తున్నా పక్కనే అందించగలిగేది పాలియేటివ్ కేర్. లండన్‌లో సిసిలీ సాండర్స్ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ తెరిచి ఈ వైద్యానికి ఒక రూపం ఇచ్చారు. మన దేశంలో మొదటిది ముంబయి బాంద్రాలోని శాంతి అవేదన సదన్, 1986. హైదరాబాద్‌లో ఈ పని వేళ్లూనుకున్నది రెడ్‌హిల్స్‌లోని ఎమ్మెన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, డాక్టర్ గాయత్రి పాలత్ చొరవతో. పెయిన్ రిలీఫ్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ కుముదినీ దేవి పేరిట హాస్పిస్ నడుపుతోంది. రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ వాళ్ల ట్రస్టు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ ఇప్పుడు ఖాజాగూడలో ఉంది, డబ్బు తీసుకోదు. ప్రభుత్వం వైపు నుంచి జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు, ఇంటికొచ్చే 'ఆలన' వాహనాలు ఉన్నాయి. తొలినాళ్లలో ఆ కేంద్రం వచ్చిన ఊళ్లలో మన రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల ఒకటి.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. చేవెళ్ల దాటాక వికారాబాద్ దారిలో ఇంకో మన్నెగూడ ఉంది. ఫోన్లో ఉత్త "మన్నెగూడ" అంటే హోంకేర్ వాళ్లు అటువైపు ఊరనుకునే ప్రమాదం ఉంది. "సాగర్ రోడ్డు మన్నెగూడ, ఇబ్రహీంపట్నం వైపు" అని విడమరిచి చెప్పాలి. ఆ వెంటనే ఈ ఊరు వాళ్లు వచ్చే పరిధిలో ఉందో లేదో అడగాలి, ఎందుకంటే ప్రతి హోంకేర్ టీమ్‌కూ ఇంత దూరం వరకే అన్న హద్దు ఉంటుంది.

మంచిచెడ్డలు చూడటానికి వెళ్లేవాళ్ల కళ్లు ముందు గోడల మీద, నేల మీద, తోట మీద పడతాయి. అవి బాగుంటే సంతోషమే. కానీ నా దృష్టిలో మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "మీ దగ్గర మార్ఫిన్ మాత్రలు ఎప్పుడూ ఉంటాయా?"

క్యాన్సర్ ముదిరాక వచ్చే తీవ్రమైన నొప్పికి మార్ఫిన్‌ను మించి చవకగా, నమ్మకంగా పనిచేసే మందు దాదాపు లేదు. ఆ మందుకు ముడిసరుకైన నల్లమందును మన దేశంలోనే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు పండిస్తారు. అయినా మన రోగులకే అందలేదు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక ఆసుపత్రులు, మందుల షాపులు భయపడి మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 1997 నాటికి దేశం మొత్తం మీద వైద్యానికి వాడిన మార్ఫిన్ 18 కిలోలకు పడిపోయింది. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు మార్ఫిన్ సహా 6 మందులు 'అత్యవసర నార్కోటిక్ మందులు'. గుర్తింపు పొందిన వైద్యసంస్థ, అంటే ఆర్ఎంఐ హోదా ఉన్న చోటు, వాటిని తెప్పించి, లెక్క రాసి రోగికి ఇవ్వొచ్చు. కాబట్టి మార్ఫిన్ గురించి అడగడంలో మొహమాటపడాల్సిందేమీ లేదు. "ఆర్ఎంఐ గుర్తింపు ఉందా? స్టాకు అయిపోతే ఏం చేస్తారు?" అని సూటిగా అడగొచ్చు. జవాబు తడబడిందంటే ఆ చోట తీవ్రమైన నొప్పికి మందు లేనట్టే.

మందు ఉండటం ఒక ఎత్తు, వాడటం తెలియడం ఇంకో ఎత్తు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986 నుంచీ చెబుతున్నది ఇదే: వీలైతే సూది కాకుండా నోటి ద్వారా, నొప్పి వచ్చాక కాకుండా గడియారం చూసి ఇవ్వాలి. మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం నాలుగు గంటలే ఉంటుంది, అందుకే నాలుగు గంటలకోసారి. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేయడానికి అదనపు డోసు కూడా రాసి ఉండాలి. మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు ఖాయం. అందుకని మొదటి రోజు నుంచే దానికీ మందు కలిపి ఇవ్వాలి. చీటీలో మార్ఫిన్ ఉండి విరేచనం మందు లేదంటే, రాసినవాళ్లకు ఈ పని కొత్తని అర్థం. చదువు పెద్దగా లేని మనిషి కూడా చూసి పట్టుకోగల గుర్తు అది. "ఇది అలవాటైపోతుంది", "ఇది ఇస్తే ఊపిరి ఆగిపోతుంది" అంటూ హాస్పిస్ మనిషే భయపెట్టాడంటే అక్కడ ఆగకండి. తక్కువ డోసుతో మొదలుపెట్టి, చూసుకుంటూ పెంచితే ఈ మందు కొన ఊపిరితో ఉన్నవాళ్లకూ క్షేమంగానే ఇవ్వొచ్చు.

తర్వాత కేస్ షీట్ చూపించమనండి. నొప్పి ఎంతుందో రోజూ రాస్తున్నారా? సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమని అడగడం పద్ధతి. కానీ మన పెద్దవాళ్లకు ఆ లెక్క పట్టుబడదు. పని తెలిసిన నర్సు ఇలా అడుగుతుంది:

"అవ్వా, నొప్పి రూపాయిల ఎంతుంది?"

"పొద్దుగాల ఆఠాణా ఉండె బిడ్డా. ఇప్పుడు బారాణా అయింది."

"మాత్ర ఏసినంక తగ్గలేదా?"

"జరసేపు చారాణా అయింది. మల్ల లేసింది."

ఈ మూడు మాటల్లో డాక్టరుకు కావలసిందంతా ఉంది. మందు పనిచేస్తోంది కానీ చాలడం లేదు, డోసు పెంచాలి. ఆ నర్సు అది కాగితం మీద పెట్టిందా, సాయంత్రానికి డాక్టరు డోసు మార్చాడా, మర్నాడు మళ్లీ అడిగారా అన్నదాన్ని బట్టే ఆ హాస్పిస్ విలువ కట్టాలి. షీట్‌లో నాలుగు రోజులుగా ఒకే అంకె పడి ఉంటే, లేదా బీపీ, షుగరు తప్ప నొప్పి కాలమే లేకుంటే, ఎంత చక్కటి మాటలు చెప్పినా నమ్మాల్సిన పని లేదు.

ఆ తర్వాతి ప్రశ్న రాత్రి గురించి. చివరి దశలో ఆపదలు ఆఫీసు వేళల్లో రావు. ఊపిరాడకపోవడం, మనిషి కలవరిస్తూ మంచం దిగబోవడం, మెడ పుండు నుంచి రక్తం రావడం, ఇవన్నీ ఎక్కువగా ఇంటిల్లిపాదికీ కునుకు పట్టే వేళకే వస్తాయి. రాత్రి రెండు గంటలకు ఫోను ఎవరి దగ్గర ఉంటుంది? ఎత్తేది నర్సా, వాచ్‌మనా? ఎత్తి "అంబులెన్సు పిలుచుకోండి" అని పెట్టేస్తారా, లేక "ఆ డబ్బాలో పెట్టిన అదనపు మాత్ర వేయండి, తల కింద ఇంకో దిండు పెట్టండి, పావుగంటలో మళ్లీ ఫోన్ చేస్తా" అంటారా? మంచి హోంకేర్ టీమ్ ఆ రాత్రి రాకముందే ఏ ఆపదకు ఏ మందు వాడాలో ఇంట్లో వాళ్లకు నేర్పి, మందులు ఇచ్చి వెళ్తుంది. రక్తం పోయే అవకాశం ఉన్న పుండైతే ముదురు రంగు తువ్వాళ్లు దగ్గర పెట్టుకోమంటుంది, తెల్ల గుడ్డ మీద ఎరుపు చూసి పిల్లలు జడుసుకోకుండా. ఇంత దూరం ఆలోచించినవాళ్లను నమ్మొచ్చు.

హాస్పిస్‌ను ఒకసారి పొద్దున చెప్పి వెళ్లి చూసినా, ఇంకోసారి సాయంత్రం చెప్పకుండా వెళ్లండి. మంచాల మధ్య నడవండి. తమంతట తాము కదల్లేని వాళ్లను సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే నడుం కింద, మడమల మీద మంచం పుండ్లు పడతాయి. మీవాళ్లు అప్పటికే అక్కడ ఉంటే మడమలు స్వయంగా చూడండి. నొక్కినా పోని ఎరుపు కనిపిస్తే అది మొదటి హెచ్చరిక. పెదవులు ఎండి పగిలి, నాలుక మీద తెల్లటి పొర కట్టి ఉంటే నోరు తుడిచేవాళ్లు లేరని అర్థం. క్యాన్సర్ పుండు వాసనను అగరొత్తులతో కప్పేస్తున్నారేమో గమనించండి. మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి పుండు మీద చల్లి కట్టు కడితే ఆ వాసన చాలావరకు తగ్గుతుంది. అతి చవకైన పని ఇది. ఇది జరిగిన ఇంట్లో మనవడు మళ్లీ తాత పక్కన కూర్చుంటాడు.

నగరం శివార్లలో "ఓల్డేజ్ హోమ్, బెడ్‌రిడెన్ పేషెంట్లను చూడబడును" అని బోర్డులు కనబడతాయి. వాటిలో ప్రేమగా చూసేవాళ్లు ఉంటారు, నేను కాదనను. కానీ డాక్టరు రోజూ రాని, మార్ఫిన్ లేని చోటు హాస్పిస్ కాదు. అలాగే కొన్ని హాస్పిస్‌లు క్యాన్సర్ రోగులను మాత్రమే చేర్చుకుంటాయి. గుండె నీరసించినవాళ్లు, డయాలసిస్ మానుకున్నవాళ్లు, మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లు ఉన్న ఇళ్లు ఈ సంగతి ముందే తేల్చుకోవాలి. డబ్బు తీసుకునే చోటైతే రోజుకింత అన్నదాంట్లో మందులు, డైపర్లు, ఆక్సిజన్ కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోవాలి.

మన కుటుంబాల్లో ఒక మాట ఎప్పుడూ వినబడుతుంది: "నాయినకు మాత్రం చెప్పకండి సార్." ప్రేమతోనే అంటారు. డాక్టరు ఆ మాటకు ఏం చేస్తాడో గమనించండి. సరేనని జబ్బును దాచిపెట్టేవాడూ, "తెలుసుకోవడం రోగి హక్కు" అని మొహం మీద కుండబద్దలు కొట్టేవాడూ ఇద్దరూ ఈ పనికి పనికిరారు. మంచి డాక్టరు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. "మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది?" అని ముందు ఆయన్నే అడుగుతాడు. చాలాసార్లు ఆ పెద్దాయనకు అంతా తెలిసే ఉంటుంది, పిల్లలు బాధపడతారని తనూ దాస్తుంటాడు. ఆ తెర తొలిగితే పొలం కాగితాల మాట, చిన్నకూతురి పెళ్లి మాట, వెంటిలేటర్ వద్దన్న మాట ఆయన నోటి నుంచే వస్తాయి. వెంటిలేటర్ వద్దన్న మాటకు చట్టబలం కూడా ఉంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు లివింగ్ విల్‌ను గుర్తించింది, 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి దగ్గర ధ్రువీకరించుకుంటే చాలు. ఈ కాగితం గురించి మీ హాస్పిస్‌కు తెలుసో లేదో అడగండి.

అమెరికాలో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో ఈ నిర్ణయాల్లో పాలుపంచుకుంటారు. అక్కడ మెడికేర్ 1982 చట్టంతో హాస్పిస్ ఖర్చు భరించడం మొదలుపెట్టింది. సంస్థల పనితీరు వివరాలను ప్రభుత్వమే జనం ముందు పెడుతుంది. మనిషి పోయిన కొన్నాళ్లకు కుటుంబానికి ప్రశ్నావళి పంపి, నొప్పికి సాయం అందిందా, పిలిచినప్పుడు వచ్చారా, గౌరవంగా చూశారా అని అడుగుతారు. ఇంత చేసినా అక్కడి తనిఖీల్లో 2012 నుంచి 2016 మధ్య 80 శాతానికి పైగా హాస్పిస్‌లలో కనీసం ఒక్క లోపమైనా దొరికిందని ఫెడరల్ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2019లో తేల్చారు. కాబట్టి పేరు చూసి, దేశం చూసి నమ్మడం ఎక్కడా కుదరదు. కానీ ఆ ప్రశ్నావళి వెనకున్న ఆలోచనను మనం ఇవాళే వాడుకోవచ్చు. ఆ హాస్పిస్‌లో తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబం ఒకటి తెలిసినవాళ్లలో ఉంటే వెళ్లి కలవండి. "ఆఖరి రెండు రోజులు ఎలా గడిచాయి?" అని అడగండి. గోడకున్న సర్టిఫికెట్లన్నీ కలిపి చెప్పలేనిది వాళ్లు చెబుతారు.

ఆ తర్వాతి గంటల గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. అద్దె ఇంట్లో ఉన్న కుటుంబానికి ఇది పెద్ద బెంగ. శవాన్ని ఇంటికి తేవద్దనే ఓనర్లు హైదరాబాద్‌లో ఉన్నారు. సొంతూళ్లో సొంత గడపలోనే ప్రాణం పోవాలని కోరుకునే పెద్దలూ ఉన్నారు. హాస్పిస్ ఆ కోరిక అడిగి రాసుకుందా? ఆ గంట వస్తే ఊరికి చేర్చడానికి బండి ఏర్పాటు ఉందా? ఇంట్లో పోతే మరణకారణం ధ్రువీకరించి ఫారం 4ఏ సంతకం చేసే డాక్టరు ఎవరు? అది లేక మరణ ధ్రువపత్రం కోసం తిరిగేవాళ్ల అవస్థ చూడలేం. కర్మకాండ అయ్యాక ఒకసారి ఇంటికొచ్చి, ఇన్నాళ్లూ సేవ చేసి ఒంటరైన భార్యను పలకరించే టీమ్ అయితే అది తన పని ఎక్కడిదాకా ఉంటుందో ఎరిగిన టీమ్.

మన్నెగూడ నుంచి రెడ్‌హిల్స్ పాతిక కిలోమీటర్లకు పైమాటే. మనిషి పూర్తిగా మంచాన పడ్డాక ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో ఆ ప్రయాణం నరకం. అందుకే ఆయన కారులో కూర్చోగలిగినప్పుడే ఎమ్మెన్‌జే పాలియేటివ్ కేర్ ఓపీకి ఒకసారి తీసుకెళ్లి పేరు నమోదు చేయించండి. హోంకేర్ సంగతి, మంచం ఖాళీల సంగతి అప్పుడే కనుక్కోండి. బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, ఇప్పుడు వాడుతున్న మందుల స్ట్రిప్పులు పట్టుకెళ్లండి. ఏ నొప్పి ఏ వేళకు వస్తోందో నాలుగు రోజుల పాటు ఒక నోటుపుస్తకంలో రాసి అదీ డాక్టరు చేతిలో పెట్టండి.